ఆరు రోజులు దారానికి కట్టుబడి ఉన్నాను

నాకు వచ్చిన జబ్బు నలుగురిలో చెప్పుకునేది కాదు. మూత్రం దారిలో రాయి. మా అత్తమ్మను ఎవరైనా అడిగితే ఇప్పటికీ "కడుపునొప్పి" అని మాట తుంచేస్తుంది. నేను మాత్రం నల్లా దగ్గర అడిగినవాళ్ళకీ చెబుతాను, అడగనివాళ్ళకీ చెబుతాను. నోరు మూసుకుని దాచుకున్నందుకే చచ్చి బతికాను. ఇక దాచేది లేదు. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులు దొర్లితే మీరే దిద్దుకుని చదవండి.

మాది చిలకలగూడ. దూదేకులవాళ్ళం. నా పేరు హుస్సేనమ్మ, ఇంట్లో ఉస్సేని అంటారు. మా ఆయన మస్తాన్ విల్లు మీటి దూది ఏకుతాడు. మా అత్తమ్మ ఫకీరమ్మా, నేనూ పరుపులు, బొంతలు కుడతాం. నమాజు చదువుతాం, తెలుగు మాట్లాడతాం. అందుకని ఉర్దూవాళ్ళు మమ్మల్ని సగం ముసల్మానులంటారు, తెలుగువాళ్ళు తురకలంటారు. పెళ్ళి వస్తే మాత్రం ఇద్దరూ పరుపులు మా దగ్గరే కుట్టించుకుంటారు కాబట్టి ఆ మాటలను మేం ఎప్పుడూ మనసులో పెట్టుకోలేదు. ఆ ఒక్క ఏడాది పెట్టుకోవాల్సి వచ్చింది.

రోజాల నెల

అది యూనియన్ సైన్యం వచ్చి నిజాం రాజ్యం పోయిన ఏడాది. రంజాన్ వానాకాలం మొదట్లో పడింది. మా ఇళ్ళలో రోజా ఉపవాసాలు ఎవరి ఓపికను బట్టి వాళ్ళు ఉంటారు. మొదటిదీ చివరిదీ, మధ్యలో శుక్రవారాలూ. ఆ ఏడాది అట్లా కుదరలేదు. ఖాకీ చొక్కాలు తొడిగి, కర్రలూ బరిసెలూ పట్టుకున్న మూకలు మా గల్లీలో తిరుగుతూ పగటిపూట ఎవరి పొయ్యి నుంచి పొగ వస్తోందో చూసి పోయేవి.

ఒకనాడు మా దుకాణంలోకే వచ్చారు.

"కల్మా చదువు" అన్నాడు ఒకడు మా ఆయనతో.

చదివాడు. పాపం, భయంతో మధ్యలో తడబడ్డాడు.

"ఏందిరా, కల్మా సుత తెలుగులనే చదువుతున్నవా?" అని వాడు నవ్వాడు. మిగిలినవాళ్ళూ నవ్వారు. నవ్వుతూనే పైనుంచి విల్లు దించి దాంతోనే కొట్టాడు. విల్లుకు బిగించిన నరం తెగి తగిలి ఆయన చెవి కింద చర్మం లేచిపోయింది. కుట్టి పెట్టిన బొంతలు ఎత్తుకుని, గడ్డం పెంచమని చెప్పి పోయారు.

ఆ రోజు నుంచి నేను ఒక్క రోజా తప్పలేదు. దేవుడి మీద భక్తి కాదు, తలుపు మీద భయం. తలుపు మూసిన గదిలో దూది దుమ్ము మింగుతూ, పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా ఒక్క చుక్క నీళ్ళు లేకుండా కుట్టేదాన్ని. చెమట మాత్రం కారేది.

ఇరవై రోజాలు గడిచాక నొప్పి వచ్చింది. ఎడమవైపు నడుములో మొదలై కిందికి, తొడ మొదట్లోకి దిగింది. పురుటి నొప్పులు పడ్డ మా పక్కింటామె కేకలు విన్నాను కాబట్టి నొప్పి అంటే ఏమిటో నాకు తెలుసనుకునేదాన్ని. తెలియదు. కూర్చుంటే తగ్గదు, పడుకుంటే తగ్గదు. గోడకు తల కొట్టుకున్నాను, ఆ నొప్పిలో ఈ నొప్పి మరిచిపోతానేమోనని. నుదురు చిట్లింది గానీ లోపలిది ఆగలేదు. కక్కుకుంటూ నేల మీద దొర్లాను.

"ఉపాసానికి వాయువు పట్టింది బిడ్డా" అంది మా అత్తమ్మ, నడుము మీద వేడి ఇసుక మూట పెడుతూ.

వాయువు కాదని నాకు మర్నాడే తెలిసింది. మూత్రం బీట్‌రూట్ రసంలా ఎర్రగా వచ్చింది. కానీ ఎవరికి చెప్పేది? మా ఆయనకా? ఆ మాట ఎట్లా అనేది? అత్తమ్మకు మాత్రం గొణిగాను. ఇఫ్తారు కాగానే ఉలవకట్టు పోసేది, కొండపిండాకు కషాయం పోసేది. "కొండనే పిండి జేస్తదే ఈ ఆకు, నీ రాయెంత" అనేది. ఆ నొప్పి రెండు రోజులు పోయేది, మూడో రోజు వచ్చి రెండు రోజులదీ కలిపి తీర్చుకునేది. నేను నోట్లో దూది కుక్కుకుని అరిచేదాన్ని, అరుపు గల్లీకి వినబడకుండా.

చవితి వారం

పండుగ అయిపోయింది. వినాయక చవితి వచ్చింది. ఆ వారం చలిజ్వరం పట్టుకుంది. పళ్ళు టకటకా కొట్టుకునేవి. అన్నిటికంటే భయం, మూత్రం దాదాపు ఆగిపోవడం. పొద్దున ఒక చెంచాడు, రాత్రికి ఒక చెంచాడు. అదీ కుళ్ళిన వాసన. అప్పుడు నోరు తెరిచి మా ఆయనకు అంతా చెప్పాను.

"నెల దినాల సంది గిట్లుంటే గిప్పుడా చెప్పేది? నేను నీకేమయితనే?" అన్నాడు.

అంతకంటే తిట్టలేదు. తోపుడుబండి మీద పరుపు వేసి, నన్ను పడుకోబెట్టి, తల నుంచి కాళ్ళ దాకా రెండు బొంతలు కప్పాడు. అత్తమ్మ పక్కన నడిచింది. మెట్టుగూడ అవతల ఒక చిన్న ఆస్పత్రి ఉందని, అక్కడికి మద్రాసు నుంచి కొత్త డాక్టరు వచ్చాడని ఎవరో చెప్పారు.

దారిలో ఖాకీ మూక ఆపింది.

"బండిల ఏముందిరా? తుపాకులా?"

"బొంతలు సాబ్, కింద నా పెండ్లాం..."

ఆయన మాట పూర్తి కాలేదు. పైనుంచి బరిసె దిగింది. రెండు బొంతలూ చీల్చుకుని నా చెవి పక్కన పరుపులో దిగబడింది. నా జుట్టు పాయ ఒకటి దాంతోపాటు పరుపులోకి పోయింది. నేను పెట్టిన కేకకు వాడే వెనక్కి గెంతాడు. తరవాత బరిసె లాక్కుని, నామీద పడ్డ దూదిని చూసి నవ్వి, పొమ్మన్నాడు. నేను జ్వరంలో ఉన్నాను కదా, చచ్చిపోయాననే అనుకున్నాను. చచ్చినా నడుము నొప్పి పోలేదే అని ఏడుపొచ్చింది.

ఆస్పత్రి వరండాలో పొద్దంతా కూర్చున్నాం. అక్కడ తలలు పగిలినవాళ్ళే ఎక్కువ. మల్కాజ్‌గిరి నుంచి పంటినొప్పితో వచ్చిన ఒకామె తన భుజం చూపించి "ఒరుగు బిడ్డా" అంది. ఆమె ఎవరో ఏమిటో అడగలేదు. ఆమె బుగ్గ రొట్టెలా ఉబ్బి ఉంది, మాట కూడా సరిగా రావడం లేదు. అయినా రెండు జాముల సేపు నా తలను కదలకుండా మోసింది.

ఎక్స్‌రే ఫొటో తీశారు. డాక్టరు దాన్ని కిటికీకి ఎత్తి చూపించాడు. గుర్దా అంటారే, ఆ మూత్రపిండం నుంచి కిందికి దిగే సన్నని నాళంలో ఒక తెల్లని చుక్క.

"ఇదమ్మా మీ రాయి. దారికి అడ్డంగా కూర్చుంది. దాని వెనక చీము పట్టింది. కోసి తీయొచ్చు. కానీ ఈ జ్వరంలో కోస్తే బతకడం కష్టం" అన్నాడు. "కొయ్యకుండా తీసే పనిముట్టు ఒకటి వచ్చింది. బొంబాయి నుంచి తెప్పించాను. ఈ ఊళ్ళో ఇంకా ఎవరికీ వాడలేదు."

పనిముట్లు రెండు. ఒకటి సన్నని గొట్టం, దాని కొసన బియ్యపు గింజంత దీపం. దీపానికి తీగలు, తీగలు ఒక నల్లని బాటరీ పెట్టెకు. ఆ గొట్టాన్ని మూత్రం వచ్చే దారినుంచే లోపలికి పంపి, వెలుతురులో చూస్తారు. రెండోది ఆ గొట్టంలోంచి పోయే పొడుగాటి కడ్డీ. దాని చివర నాలుగు మెత్తని తీగలు, నొక్కితే బుట్టలా విచ్చుకుంటాయి. రాయిని ఆ బుట్టలో పట్టి కిందికి దించాలి.

మా అత్తమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. "మొగోడా చూసేది? అక్కడనా? అయ్యో అల్లా! వద్దు బిడ్డా, ఇంటికి పోదాం."

అక్కడి నర్సు మేరమ్మ మెదక్ వైపు మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అవ్వా, నీ కోడలు మానంతోని పోవాల్నా, ప్రాణంతోని ఉండాల్నా? జెర తొందరగ చెప్పు, నాకింక నలభై మంది ఉన్నరు."

"నాకు బతకాలని ఉన్నది" అన్నాను నేను. ఇంట్లో కోడలిగా నేను గట్టిగా అన్న మొదటి మాట అదే అనుకుంటా.

దారం కట్టిన రోజు

మర్నాడు పొద్దున ఆకాశంలో విమానాలు మోగాయి. సైన్యం నాలుగు వైపుల నుంచీ బయల్దేరిందని వరండాలో అరుపులు. డాక్టరు ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ చేతులు కడుక్కున్నాడు.

ఏం జరిగిందో నేను వైద్యం తెలిసినదానిలా చెప్పలేను. మత్తు సూది ఇచ్చారు, సగమే పని చేసింది. మేరమ్మ నా మోకాళ్ళు పట్టుకుంది. చల్లని ఇనుము లోపలికి వచ్చింది. ఆ తరవాత అది చల్లగా లేదు. కొరివి పెట్టి తిప్పినట్టే ఉంది. నేను డాక్టరును పట్టుకుని తిట్టాను, వాళ్ళ అమ్మను కూడా తిట్టాను. ఆయన "ఊఁ, తిట్టమ్మా, తిట్టు" అంటూ లోపలికే చూస్తున్నాడు.

"దొరికింది" అన్నాడు చివరికి. కాసేపటికి, నెమ్మదిగా, "రావడం లేదు" అన్నాడు.

బుట్ట రాయిని పట్టుకుంది. నాళం బుట్టను పట్టుకుంది. ముందుకూ పోదు, బయటికీ రాదు.

నన్ను మంచం మీద పడుకోబెట్టాక డాక్టరు మా ఆయనను పిలిచాడు. నా లోపలినుంచి బయటికి వచ్చిన కడ్డీకి పట్టుదారం కట్టాడు. దారాన్ని మంచం కాళ్ళవైపు ఇనుప పట్టీ మీదుగా వేసి, చివర చిన్న ఇత్తడి గుండు వేలాడదీశాడు. పక్కనే రబ్బరు గొట్టం ఒకటి చీమునీళ్ళను సీసాలోకి దించుతోంది.

"ఈ గుండు రాయిని రోజుకు కొంచెం కొంచెం దించుతుంది. రెండు రోజులు పట్టొచ్చు, వారం పట్టొచ్చు. మనిషి చెయ్యి దీన్ని లాగకూడదు, మంచం కుదపకూడదు. గబుక్కున లాగితే నాళం చిరుగుతుంది. చిరిగితే ఇక నేను చేసేదేమీ లేదు" అన్నాడు.

మా ఆయన దారాన్ని వేలితో తాకకుండా, దాని పక్కన చెవి పెట్టి చూశాడు.

"సమజైంది సాబ్. మా విల్లు నరం సుత గిట్లనే. బిగువు ఎక్కువైతే తెగుతది, తక్కువైతే దూది లేవది. నేను కావలుంటా."

అప్పటినుంచి మంచం కాళ్ళ దగ్గర నేలమీదే ఉన్నాడు. ఎవరైనా నడిచి వస్తుంటే "దారం, దారం" అని చేతులడ్డం పెట్టేవాడు. ఆడవాళ్ళ వార్డులో మగవాడేమిటని ఎవరూ అనలేదు. రోగులు ఒక్కొక్కరే పారిపోతున్నారు. చివరికి వార్డులో నేనూ, లేవలేని ఇద్దరు ముసలమ్మలూ మిగిలాం. సాయంత్రానికి సీసా సగం నిండింది, నా ఒళ్ళు చల్లబడింది. నెలరోజుల తరవాత మొదటిసారి నిద్రపోయాను.

పెట్టె పగిలిన రోజు

మర్నాడు ఖాకీ మూక ఆస్పత్రికి వచ్చింది.

"మద్రాసోడు యాడున్నడు? జాసూస్ గాడు!"

డాక్టరు నా మంచం దగ్గరే ఉన్నాడు, దారం ఎంత దిగిందో చూస్తూ. వాళ్ళకు బల్ల మీద బాటరీ పెట్టె కనబడింది. నల్లని పెట్టె, తీగలు, మరలు.

"ఇదిగో వైర్‌లెస్!"

"వైర్‌లెస్ కాదు. దీపానికి. కడుపులోపల చూడడానికి" అన్నాడు డాక్టరు.

"కడుపుల దీపమా? ఎవర్ని పాగల్ చేస్తున్నవ్?"

ఆయన అమాయకుడు. నమ్ముతారనుకున్నాడు. గొట్టం తీసి, తీగ తగిలించి, తన అరచేతిలో ఆ బియ్యపు గింజంత దీపం వెలిగించి చూపించాడు. వాళ్ళకు అదే రుజువైపోయింది.

"చూసిన్రా? సిగ్నల్ ఇస్తున్నడు!"

ఒకడు మా ఆయన గడ్డం చూసి, "నువ్వు ముసల్మానువి గద, ఈ జాసూస్ దగ్గర నీకేం పని?" అన్నాడు.

"నా పెండ్లాం ప్రాణం ఈయన చెయ్యిల ఉన్నది సాబ్. దండం పెడ్త, ఈయన్నేం అనకుండ్రి" అన్నాడు మా ఆయన.

వాడు డాక్టరు చేతివైపు చూశాడు. ఆ కుడిచేతిని పట్టుకుని పెట్టె మీద పెట్టి, తుపాకీ మడమతో దంచాడు. ఒకసారి కాదు. పెట్టె పగిలేదాకా. ఎముకల చప్పుడేదో, పెట్టె చప్పుడేదో తెలియలేదు. ఆ దీపపు గొట్టాన్ని కాలికింద వేసి వంచేశారు. నా మంచానికి రెండడుగుల దూరంలో ఇదంతా. నేను కదలకూడదు. కళ్ళు మూసుకుందామంటే దారం మీద ఎవరి కాలు పడుతుందోనని మూసుకోలేకపోయాను.

ఆ మాట అనకపోతే చెయ్యి మిగిలేదని మా ఆయన ఇప్పటికీ అంటాడు. ఆయన ఏమన్నా అనకున్నా వాళ్ళు వచ్చింది విరగ్గొట్టడానికే అని నేనంటాను. ఇద్దరికీ తెలియదు.

తాయెత్తులు

ఇక లోపలికి చూడడానికి దీపం లేదు, పట్టుకోవడానికి చెయ్యి లేదు. దారం ఒక్కటే మిగిలింది. డాక్టరు పక్క గదిలో మంచం మీద, కట్టు కట్టిన చేతితో జ్వరంగా పడి ఉన్నాడు. గంటకోసారి "మేరమ్మా, ఎంత దిగింది?" అని అడిగేవాడు. రెండు రోజులు ఒక్క నూలుపోగంత కూడా దిగలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం మా ఆయన కూర్చున్నచోటే కునుకు తీశాడు. అప్పుడు ఆ పాత నొప్పి మళ్ళీ వచ్చింది, నన్ను లోపలినుంచి ఎవరో గుంజుతున్నట్టు. అరిచాను. సీసాలో నీళ్ళు ఎర్రబడుతున్నాయి. మేరమ్మ పరుగెత్తుకొచ్చి దుప్పటి ఎత్తింది, గొట్టం చూసింది, తరవాత గుండు చూసింది.

గుండుకు పైన మూడు తాయెత్తులు వేలాడుతున్నాయి. సీసం నింపినవి, పిడికెడేసి బరువు. మా అత్తమ్మ మెడలో ముప్ఫై ఏళ్ళుగా ఉన్నవి.

"అవ్వా! ఇదేంది?"

"పీర్ల తాయెత్తు బిడ్డా. డాక్టరు గుండుల దువా లేదు గద. జెర దువా సుత ఉండాలె గదా అని..."

"నీ దువా బరువెంతుందో తెల్సా నీకు? కోడల్ని నిలువునా చీరుతుండె గదనే!"

మేరమ్మ వాటిని ఒక్కొక్కటిగా విప్పింది. మా అత్తమ్మ మాత్రం అక్కడే కూలబడి తన చెంపలు తనే వాయించుకుంది. పక్క గదినుంచి డాక్టరు కేకేశాడు.

"రక్తం ఆగిందా? ఆగిందా? సరే. దారం ఎంత దిగింది?"

మేరమ్మ కొలిచింది. "రెండు వేళ్ళు దిగింది సాబ్."

"రెండు వేళ్ళా?" అన్నాడు డాక్టరు. "ఇంకెప్పుడూ అట్లా చేయొద్దని చెప్పండి ఆమెకు" అన్నాడు తరవాత.

మా అత్తమ్మ చెంపలు వాయించుకోవడం ఆపింది. "దిగిందంట గద?" అంది నాతో, చిన్నగా. నొప్పిలో కూడా నాకు ఒళ్ళు మండింది.

గడ్డం గీసిన రోజు

తరవాతి సాయంత్రం నిజాం లొంగిపోయాడని రేడియోలో చెప్పారట. మర్నాడు సైన్యం వచ్చింది. రోడ్ల మీద డప్పులు, జేజేలు. ఖాకీ చొక్కాలు ఒక్కటీ కనబడటం లేదు. మేరమ్మ మిఠాయి తెచ్చి మా అందరి నోట్లో పెట్టింది. మాకూ సంతోషంగానే ఉంది. బరిసె దెబ్బ తప్పించుకున్నదాన్ని, నాకు సంతోషం ఉండదా?

కానీ మా అత్తమ్మ తెలివి పని చేసింది. "ఇగ గడ్డం తీసెయ్ కొడుకా. ఇప్పుడు గడ్డమున్నోళ్ళ మీద పడ్తరు" అంది. మా ఆయన ఆస్పత్రి బ్లేడుతో నీళ్ళు కూడా లేకుండా గీసుకున్నాడు. రెండు నెలలు ఎండ తగలని చెంపలు తెల్లగా, మిగతా మొహం నల్లగా. నేను నవ్వాను కూడా, సున్నం కొట్టిన గోడలా ఉన్నావని.

ఆ మర్నాడు పొద్దున, దారం కట్టి ఆరు రోజులు నిండాక, ఏడెనిమిది మంది ఇనుప కడ్డీలు, గొడ్డళ్ళు పట్టుకుని లోపలికి వచ్చారు. ముసల్మానుల మీద ఊళ్ళలో జరిగినంత ఇక్కడ జరగలేదని అంటారు. నిజమే కావచ్చు. నా మంచం దగ్గర జరిగింది మాత్రం జరిగింది.

"తురకోళ్ళున్నరా ఈడ?"

"రోగులున్నరు" అంది మేరమ్మ.

ముందున్నవాడు మా ఆయన దగ్గరికి వచ్చి, దవడ కింద కడ్డీ పెట్టి మొహం పైకి లేపాడు. తెల్లని చెంప మీద బొటనవేలితో రాశాడు.

"నిన్ననే గీకినవ్ గదరా?"

మా ఆయన ఏదో అనబోయాడు. కడ్డీ భుజం మీద పడింది. ఆయన మంచం కోడు పట్టుకుని కూలాడు. ఇద్దరు ఆయన కాళ్ళు పట్టుకుని గుంజారు. ఆయన కోడు వదల్లేదు. దాంతో మంచం కదిలింది. ఇనుప కోళ్ళు నేలమీద కీచుమన్నాయి. గుండు ఊగింది. ఊగిన ప్రతిసారీ నా కడుపులో కత్తి తిరిగింది. నేను లేచి, వంగి, ఎట్లాగో దారాన్ని అందుకుని గుండును పిడికిట్లో పట్టుకున్నాను, బరువు నా లోపలికి తెలియకుండా దారం వదులు చేసి. మంచం ఇంకో అడుగు జరిగింది.

ఆయన తలెత్తి గుండు వైపు చూశాడు. నా పిడికిలి వైపు చూశాడు. చేతులు రెండూ వదిలేశాడు.

వదిలితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. మంచం ఆగిపోయింది. ఆయనను గడప దాకా ఈడ్చుకుపోయారు. కడ్డీ లేస్తోంది, పడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకుంటే చెయ్యి విరిగిన చప్పుడు ఇక్కడికి వినబడింది. నేను అరుస్తున్నాను. కానీ పిడికిలి కదపలేదు. అంతకంటే కష్టమైన పని నా బతుకులో చేయలేదు.

అప్పుడు మా అత్తమ్మ నా దుప్పటి లాగేసింది. పూర్తిగా. మగ డాక్టరు చూస్తాడని కొంగు నోట్లో కుక్కుకున్న మా అత్తమ్మే.

"చూడుండ్రిరా! చూడుండ్రి! తురకదాని కడుపుల ఏమున్నదో చూడుండ్రి! మీ అమ్మలకు వేరే ఉంటదా? ఇగో దారం! గుంజుండ్రి! ఇది గుంజితే ఇది చస్తది, దాంతోని మా ఇల్లే పోతది! కర్రలెందుకు?"

రక్తం మరకల మీద, నా తొడల మధ్యనుంచి వచ్చిన దారం, గొట్టం, సీసా. మొహం దాచుకోవడానికి నా చేతులు ఖాళీ లేవు. అందరినీ చూస్తూనే ఉన్నాను. ముందున్నవాడు చూపు తిప్పుకున్నాడు. వెనకున్న ఒకతను గోడవైపు తిరిగి వాంతి చేసుకున్నాడు.

"నడువుండ్రన్నా" అన్నాడు ఎవరో.

ముందున్నవాడు పోతూ పోతూ ఊరికే పోలేదు. కిందపడ్డ మా ఆయన చేతిమీద ఇంకొక్క దెబ్బ వేసి పోయాడు. పోయేవాడికి ఆ ఒక్క దెబ్బ ఎందుకో, నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ రోజు సాయంత్రం

మా ఆయనకు రెండు పక్కటెముకలూ, ఎడమచెయ్యి రెండుచోట్లా విరిగాయి. మేరమ్మ బద్దలు కట్టి నా మంచం పక్కనే చాపమీద పడుకోబెట్టింది. తరవాత నా దగ్గరికి వచ్చింది. అంత కుదుపులో లోపల చిరిగిందో లేదో ఎవరికీ తెలియదు. చూడడానికి దీపం లేదు.

డాక్టరును ఇద్దరు పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. "దారం విప్పు మేరమ్మా. కడ్డీని రెండు వేళ్ళతో పట్టుకో. ఊపిరి తీస్తే ఆగు, వదిలితే దించు. అడ్డం తగిలితే కొంచెం తిప్పు, లాగకు" అన్నాడు. ఆయన ఎడమచెయ్యి గాలిలో ఆమె చేసేదంతా చేస్తోంది.

ఊపిరి తీశాను. వదిలాను. ఎన్నిసార్లో. ఒకచోట ఆగింది. మేరమ్మ ముక్కుకొస నుంచి చెమట నామీద పడింది. తిప్పింది. ఏదో జారింది, వేడిగా.

నాలుగు తీగల మధ్య కందిగింజంత రాయి. పల్లేరుకాయలా చుట్టూ ముళ్ళు. ఇంతదానికా ఇంత?

"చిరిగిందా సాబ్?" అంది మేరమ్మ.

"మూత్రం తనంతట తను వస్తే చిరగలేదు. రాకపోతే..." డాక్టరు ఆపేశాడు. "చూద్దాం."

ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. అమ్మల్లారా, నీళ్ళు తాగండి. ఎవరి భయానికీ గొంతు ఎండబెట్టుకోకండి. ఎర్రగా వస్తే ఆ రోజే చెప్పండి, సిగ్గుపడితే నాలా కుళ్ళిపోతారు. కొండపిండాకు చిన్న నలుసుకు పనికొస్తుందేమో, జ్వరం వచ్చి మూత్రం ఆగితే మాత్రం ఆకులతో కూర్చోకండి. కొత్త పనిముట్టని భయపడకండి. నన్ను చీల్చబోయింది ఆ తీగ బుట్ట కాదు. మా ఆయన ఎడమచేతి వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. విల్లు ఇప్పుడు నేనే మీటుతున్నాను. ఆయన పక్కన కూర్చుని, చప్పుడు విని, నరం ఎక్కడ వదులయిందో చెబుతాడు. డాక్టరు ఆ విరిగిన చేత్తో పెన్ను పట్టుకుంటున్నాడట, పనిముట్టు పట్టగలడో లేడో తెలియదు.

ఆ సాయంత్రం మేరమ్మ నాకు చెంబెడు నీళ్ళు తాగించింది. ఇంకో చెంబు. ఇనుప పళ్ళెం కింద పెట్టి, చుట్టూ చీర అడ్డం కట్టబోయింది.

"వద్దక్కా. పొద్దుగాల అందరు చూసిన్రు గద, ఇంకేం మిగిలిందని" అన్నాను.

కూర్చున్నాను. ఏమీ లేదు. మా అత్తమ్మ కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. డాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, మర్యాద కోసం. కింద చాపమీద మా ఆయన కళ్ళు తెరవలేదు గానీ వింటున్నాడని తెలుసు. నడుములో ఏదో తెరుచుకున్నట్టు అనిపించింది, మంటగా. భయపడి పళ్ళు బిగించాను.

మొదట ఒక చుక్క. పళ్ళెంలో టప్పుమంది. ఇంకోటి. తరవాత ఆగకుండా, సిగ్గూ ఎగ్గూ లేకుండా, రేకు మీద వాన పడ్డట్టు. ఖాళీ వార్డంతా మోగిపోయింది. ఎంతసేపు! చివరి మంచం మీది ముసలమ్మ తలెత్తి, "ఎవలే అది, బర్రెనా?" అంది.

మా ఆయన పక్కటెముకలు పట్టుకుని చాపమీద ముడుచుకుపోయాడు. నేను బెదిరిపోయి చూశాను. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. నవ్వుతున్నాడు.

"నవ్వియ్యకే ఉస్సేనీ" అన్నాడు. "నొస్తున్నది. అయినా ఆపకు. పొయ్యి, పొయ్యి."